వాతావరణం, జలావరణం, శిలావరణం: ఆవిర్భావం - పరస్పర చర్య (నల్లగొండ భూగర్భజల ఫ్లోరైడ్ ఆధారంగా ఒక పరిశీలన)

వ్యాససంగ్రహం:

గాలి, నీరు, రాయి అనే మూడింటిని పాఠ్యగ్రంథాలు వాతావరణం, జలావరణం, శిలావరణం అని వేర్వేరు అధ్యాయాలుగా బోధిస్తాయి. వాటి ఆవిర్భావ చరిత్రను, రసాయనిక వర్తనను కలిపి పరిశీలించినప్పుడు ఇవి ఒకే ద్రవ్యరాశి నుండి విడివడి, నేటికీ పదార్థాన్ని ఇచ్చిపుచ్చుకుంటున్న వ్యవస్థలని స్పష్టమవుతుంది. ఈ వ్యాసం మొదట ఆ ఆవిర్భావాన్ని, ఆ తర్వాత కర్బన చక్రం ద్వారా జరిగే వినిమయాన్ని వివరిస్తుంది. అదే సూత్రాల వెలుగులో నల్లగొండ జిల్లా భూగర్భజలంలోని ఫ్లోరైడ్ సమస్యను విశ్లేషిస్తుంది. ఈ సమస్య కేవలం రాతిదీ కాదు, కేవలం నీటిదీ కాదు. మూడు ఆవరణాల కలయికలో పుట్టి, మానవ వినియోగంతో తీవ్రమైనదని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: వాతావరణం, జలావరణం, శిలావరణం, శిలాశైథిల్యం, కర్బన చక్రం, గ్రానైట్, భూగర్భజలం, ఫ్లోరోసిస్, నల్లగొండ.

1. ఉపోద్ఘాతం

నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు మండలాల పేర్లు వినగానే తెలంగాణలో చాలామందికి ముందుగా స్ఫురించేది ఫ్లోరోసిస్ వ్యాధి. గోధుమరంగు చారలు పడిన పళ్ళు, బిగుసుకుపోయిన కీళ్ళు, వంగిన వెన్ను, నడివయసుకే చేతికర్ర ఆసరా కావడం ఆ ప్రాంతంలో కొన్ని తరాల అనుభవం. భారతదేశంలో ఈ వ్యాధిని గురించిన తొలి వైద్య నివేదిక 1937లో షార్ట్, ఆయన సహచరుల ద్వారా వెలువడింది. అదీ తెలుగు నేలకు చెందినదే. నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా గ్రామాలకు సంబంధించినది. నల్లగొండ జిల్లా పరిస్థితిని సిద్దిఖీ 1955లో వైద్యలోకం దృష్టికి తెచ్చారు.

ఈ సమస్యను కొందరు నీటిలోని విషంగానూ, మరికొందరు రాతిలోని దోషంగానూ వర్ణిస్తారు. రెండూ అర్ధసత్యాలే. ఒకే రకమైన గ్రానైట్ మీద ఉన్న రెండు పొరుగు గ్రామాల్లో ఒకచోట నీరు తాగడానికి యోగ్యంగా ఉండి, మరొకచోట ఫ్లోరైడ్ పరిమితిని మించి ఉండడం ఈ ప్రాంతంలో సాధారణం. లోపమంతా రాతిదే అయితే ఈ తేడా ఉండకూడదు. నీరంతా ఒకే వానదైనప్పుడు నీటిని మాత్రమే నిందించడమూ కుదరదు. రాయి, నీరు, గాలి ఎక్కడ, ఎంతకాలం, ఏ పరిస్థితిలో కలిశాయన్న దానిలోనే సమాధానం ఉంది. దానిని గ్రహించాలంటే ముందుగా ఈ మూడింటి మధ్య ఉన్న పుట్టుక సంబంధాన్ని తెలుసుకోవాలి.

2. ఒకే మూలం - మూడు ఆవరణాలు

2.1 శిలావరణం

భూమి వయసు సుమారు 454 కోట్ల సంవత్సరాలు. సౌరనీహారికలోని ధూళి, శిలాఖండాలు ఒకదానితో ఒకటి ఢీకొని కలిసిపోవడంతో భూమి ఏర్పడింది. ఆ తాకిడుల వేడికి, రేడియోధార్మిక మూలకాల వేడి కూడా తోడై తొలి భూమిలో అధికభాగం కరిగిన స్థితిలో ఉండేది. ఆ స్థితిలో బరువైన ఇనుము, నికెల్ లోపలికి దిగి కేంద్రమండలంగా మారాయి. సిలికేట్ ఖనిజాలు పైన నిలిచి ప్రావారంగా, చల్లబడిన పైపొర భూపటలంగా రూపొందాయి. తేలికైన ఆవిరులు, వాయువులు ఇంకా పైకి చేరాయి. అంటే శిలావరణ నిర్మాణం, వాయువుల విడుదల రెండూ ఒకే వేర్పాటు ప్రక్రియకు రెండు ముఖాలు.

2.2 వాతావరణం

భూమికి తొలినాళ్ళలో లభించిన హైడ్రోజన్, హీలియం వంటి తేలిక వాయువులు అంతరిక్షంలోకి జారిపోయాయి. ఆ తర్వాత ఏర్పడిన వాతావరణానికి ప్రధాన ఆధారం అగ్నిపర్వతాలు, శిలాద్రవాలు వెలువరించిన వాయువులు: నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, నైట్రోజన్, గంధక వాయువులు. అప్పటి గాలిలో స్వేచ్ఛా ఆక్సిజన్ దాదాపు లేదు.

గాలి రాతి నుండి పుట్టిందనడానికి ఇప్పటికీ ప్రతి శ్వాసలోనూ ఒక సాక్ష్యం ఉంది. వాతావరణంలో ఆర్గాన్ సుమారు 0.93 శాతం. ఈ ఆర్గాన్‌లో 99 శాతానికి పైగా 40 ద్రవ్యరాశి సంఖ్య గల ఐసోటోపే. రాళ్ళలో ఉన్న పొటాషియం-40 రేడియోధార్మిక క్షయం వల్ల ఆర్గాన్-40 పుడుతుంది. ఆ పొటాషియం అర్ధజీవిత కాలం సుమారు 125 కోట్ల సంవత్సరాలు. అంటే గాలిలోని ఆర్గాన్ దాదాపు మొత్తం ఒకప్పుడు రాతిలోని పొటాషియమే. కార్బన్ డయాక్సైడ్‌కు ఇరవై రెట్లకు పైగా ఉన్న ఈ వాయువు గురించి పాఠ్యగ్రంథాలు ఒక వాక్యంతో సరిపెడతాయి. కానీ శిలావరణానికి, వాతావరణానికి మధ్య ఉన్న బంధానికి ఇంతకన్నా సూటి నిదర్శనం అరుదు.

2.3 జలావరణం

నీటి మూలం గురించిన చర్చ ఇంకా సాగుతోంది. భూమిని నిర్మించిన ఖనిజాల్లోనే బంధితమై ఉన్న నీరు కొంత. కర్బనయుక్త ఉల్కల వంటి పదార్థంతో చేరిన నీరు కొంత. ఈ ఉల్కల నీటిలో భార హైడ్రోజన్ నిష్పత్తి సముద్రజలంలోని నిష్పత్తికి దగ్గరగా ఉంటుంది. రోసెట్టా నౌక 2014లో పరిశీలించిన తోకచుక్కలో మాత్రం ఆ నిష్పత్తి భూజలంలో కన్నా సుమారు మూడు రెట్లు ఎక్కువగా కనిపించింది. అందువల్ల తోకచుక్కలే సముద్రాలను నింపాయన్న పాత భావన బలహీనపడింది.

భూమి చల్లబడగానే ఆవిరి వర్షించి పల్లాలను నింపింది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్‌లో లభించిన జిర్కాన్ స్ఫటికాల్లో అత్యంత ప్రాచీనమైనది సుమారు 440 కోట్ల సంవత్సరాల నాటిది. అలాంటి స్ఫటికాల్లోని ఆక్సిజన్ ఐసోటోపుల నిష్పత్తి, వాటిని కన్న శిలాద్రవానికి అంతకుముందే ద్రవజలంతో స్పర్శ కలిగిందని సూచిస్తోంది. ఇక్కడ కూడా నీటి చరిత్రను భద్రపరచినది రాయే.

3. జీవుల ప్రవేశం: ఆక్సిజన్ - శిలాలేఖనం

సూర్యకాంతిని వినియోగించి నీటిని విడగొట్టే సయనోబాక్టీరియా ఆవిర్భావంతో ఈ వినిమయంలో నాలుగో భాగస్వామి ప్రవేశించింది. అవి విడుదల చేసిన ఆక్సిజన్ వెంటనే గాలిలో నిలవలేదు. సముద్రంలో కరిగి ఉన్న ఇనుమును ఆక్సీకరించడంలో, అగ్నిపర్వత వాయువులతో చర్య జరపడంలో ఖర్చయిపోయింది. కరిగిన ఇనుము ఆక్సైడుగా మారి, సిలికాతో కలిసి పట్టీలు పట్టీలుగా అడుగున పేరుకొంది. అనంతపురం-బళ్ళారి సరిహద్దు ప్రాంతంలో తవ్వుతున్న ఇనుప ఖనిజం 250 కోట్ల సంవత్సరాలకు పూర్వపు అలాంటి పట్టీశిలల నుండి వచ్చినదే. సుమారు 240 నుండి 230 కోట్ల సంవత్సరాల క్రితం గాలిలో ఆక్సిజన్ స్థిరంగా నిలవడం మొదలైంది. దీనినే మహా ఆక్సీకరణ ఘట్టంగా వ్యవహరిస్తారు.

కడప అవక్షేప పరీవాహంలోని వేంపల్లె డోలమైట్ శిలల్లో స్ట్రొమాటొలైట్లు విస్తారంగా కనిపిస్తాయి. ఇవి సుమారు 190 కోట్ల సంవత్సరాల నాటి లోతులేని సముద్రంలో సూక్ష్మజీవుల చాపలు సున్నపు మట్టిని పొరలుపొరలుగా పట్టి నిలపడం వల్ల ఏర్పడిన నిర్మాణాలు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగి, జీవుల సాన్నిధ్యంలో రాయిగా మారిన దృశ్యం అక్కడ పొర పొరనా నిలిచి ఉంది.

4. కర్బన చక్రం: వినిమయానికి వెన్నెముక

శుక్రగ్రహ వాతావరణంలో 96 శాతానికి పైగా కార్బన్ డయాక్సైడే. అక్కడి ఉపరితల పీడనం భూమి మీది పీడనానికి సుమారు 90 రెట్లు. భూమి మీది సున్నపురాళ్ళు, డోలమైట్లలో బంధితమైన కర్బనాన్ని మొత్తం వాయురూపంలోకి మార్చగలిగితే, శుక్రుని గాలితో పోల్చదగినంత కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. రెండు గ్రహాల తేడా కర్బనం ఎంత ఉందన్న దానికన్నా, అది ఎక్కడ ఉందన్న దానిలో ఉంది. భూమిపై నీరు ఆ కర్బనాన్ని గాలి నుండి రాతిలోకి చేరవేసింది.

ఈ ప్రక్రియను హెరాల్డ్ యూరీ 1952లో రసాయనిక సమీకరణంగా ప్రతిపాదించాడు. వర్షపు నీటిలో కార్బన్ డయాక్సైడ్ కరిగి బలహీనమైన కార్బానిక్ ఆమ్లం ఏర్పడుతుంది. ఆ ఆమ్లం సిలికేట్ శిలలను శిథిలం చేసి కాల్షియం, బైకార్బనేట్ అయాన్లను విడుదల చేస్తుంది. నదులు వాటిని సముద్రానికి చేరుస్తాయి. అక్కడ అవి కాల్షియం కార్బనేట్‌గా అడుగున పేరుకొంటాయి. భూఫలకాలు ఒకదాని కిందికి ఒకటి దిగినప్పుడు ఆ కార్బనేట్ వేడెక్కి, అగ్నిపర్వతాల ద్వారా కార్బన్ డయాక్సైడ్ తిరిగి గాలిలో చేరుతుంది.

వాకర్, హేస్, కాస్టింగ్ 1981లో దీనికి ఒక కీలక అంశాన్ని జోడించారు. వాతావరణం వేడెక్కితే వర్షం, రసాయనిక చర్యల వేగం పెరుగుతాయి; శైథిల్యం హెచ్చి కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. చల్లబడితే శైథిల్యం మందగించి ఆ వాయువు పోగుపడుతుంది. తొలికాలపు సూర్యుని తేజస్సు నేటిదానిలో సుమారు 70 శాతమే అయినప్పటికీ భూమిపై ద్రవజలం నిలవడానికి, ఆ తర్వాత సూర్యుడు ప్రకాశవంతమైనా సముద్రాలు ఆవిరైపోకుండా ఉండడానికి ఈ స్వయంనియంత్రణ ఒక ప్రధాన కారణంగా పరిగణిస్తున్నారు.

అయితే ఈ నియంత్రణ పనిచేసే కాలమానం లక్షల సంవత్సరాలు. మానవ చర్యలు ఏటా విడుదల చేస్తున్న కార్బన్ డయాక్సైడ్ అగ్నిపర్వతాలు వెలువరించే దానికి సుమారు వంద రెట్లు. పారిశ్రామిక యుగానికి ముందు పది లక్షల భాగాలకు 280 భాగాలుగా ఉన్న గాఢత నేడు 420 దాటింది. శిలలు ఈ అదనపు భారాన్ని ఎప్పటికైనా గ్రహించగలవు. కానీ మానవ నాగరికతకు ఉపయోగపడే వ్యవధిలో గ్రహించలేవు.

5. నల్లగొండ: మూడు ఆవరణాల సంగమం

పైన వివరించిన శిలాశైథిల్య చర్యే నల్లగొండ గ్రామాల కింద కూడా జరుగుతోంది. అక్కడ దాని ఫలితం సముద్రగర్భంలో సున్నపురాయిగా కాక, తాగునీటిలో ఫ్లోరైడ్‌గా కనిపిస్తోంది. ఆ ఫలితానికి దారితీసిన దశలను క్రమంగా పరిశీలించవచ్చు.

5.1 రాయి సమకూర్చిన నిల్వ

నల్లగొండ జిల్లాలో అధికభాగం సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైట్, గ్నైస్ శిలలతో కూడినది. శిలాద్రవం చల్లబడి స్ఫటికీకరించేటప్పుడు ఫ్లోరిన్ చివరివరకు ద్రవంలో మిగిలిపోయే స్వభావం కలది. అందువల్ల చివరి దశల్లో గట్టిపడిన గ్రానైట్లలో అది ఎక్కువగా చేరుతుంది. నల్ల అభ్రకమైన బయొటైట్, హార్న్‌బ్లెండ్, అపటైట్, ఫ్లోరైట్ ఖనిజాలు దానికి ఆశ్రయం. ఫ్లోరైడ్, హైడ్రాక్సిల్ అయాన్ల విద్యుదావేశం ఒకటే. పరిమాణం దాదాపు సమానం. కనుక అభ్రక స్ఫటికంలో హైడ్రాక్సిల్ ఉండవలసిన చోట ఫ్లోరైడ్ సులభంగా ఇమిడిపోతుంది.

5.2 గాలి సమకూర్చిన ఆమ్లం

వర్షపు చినుకు గాలి నుండి గ్రహించే కార్బన్ డయాక్సైడ్ స్వల్పం. అదే నీరు నేలలోకి ఇంకినప్పుడు వేళ్ళు, సూక్ష్మజీవుల శ్వాసక్రియ వల్ల పోగైన నేలగాలిని కలుస్తుంది. ఆ గాలిలో కార్బన్ డయాక్సైడ్ బయటి గాలిలో కన్నా పది నుండి వంద రెట్ల వరకు ఉండవచ్చు. అలా ఆమ్లత సంతరించుకున్న నీరు ఫెల్డ్‌స్పార్‌ను బంకమన్నుగా మార్చి సోడియం, కాల్షియం, బైకార్బనేట్‌లను విడిపిస్తుంది. గ్రానైట్ మొరంగా మారడం ఈ చర్యకు బయటికి కనిపించే రూపం. అభ్రకం కూడా ఇదే క్రమంలో శిథిలమై ఫ్లోరైడ్‌ను విడుదల చేస్తుంది.

5.3 ఎండ, సున్నం

ఇంతవరకు వివరించినది గ్రానైట్ ఉన్న ప్రతిచోటా జరిగేదే. నల్లగొండను వేరుచేసేది దాని పాక్షిక శుష్క శీతోష్ణస్థితి. వార్షిక వర్షపాతం సుమారు 700 మిల్లీమీటర్లు. ఆవిరి కాగల నీటి పరిమాణం అంతకు రెట్టింపుకు పైగా. నేలలోని నీరు ఆవిరవుతూ చిక్కబడినప్పుడు ముందుగా అవక్షేపమయ్యేది కాల్షియం కార్బనేట్. నేలలో తెల్లటి ముద్దలుగా, పొరలుగా కనిపించే ఈ సున్నాన్ని భూవిజ్ఞానులు కాల్‌క్రీట్ అంటారు. నీటిలో మిగిలేవి సోడియం, బైకార్బనేట్; నీరు క్షారస్వభావం పొందుతుంది.

ఈ దశ అత్యంత కీలకం. నీటిలో కాల్షియం సమృద్ధిగా ఉంటే, ఫ్లోరైడ్ ఒక స్థాయి దాటగానే కాల్షియం ఫ్లోరైడ్‌గా బయటపడుతుంది. కాల్షియం గాఢతను, ఫ్లోరైడ్ గాఢత వర్గాన్ని హెచ్చవేయగా వచ్చే లబ్ధం ఒక హద్దును దాటకూడదన్నది ద్రావణీయతా నియమం. దీని ప్రకారం కాల్షియం నాలుగో వంతుకు పడిపోతే ఫ్లోరైడ్ రెట్టింపు వరకు పెరగగలదు. సున్నం తొలగిపోవడంతో ఫ్లోరైడ్‌కు అడ్డుకట్ట తొలగిపోయింది. దానికి తోడు క్షారజలంలోని హైడ్రాక్సిల్ అయాన్లు అభ్రకం, బంకమన్నులోని ఫ్లోరైడ్‌ను బయటికి నెట్టి ఆ స్థానాన్ని ఆక్రమిస్తాయి. రాయి పుట్టినప్పుడు జరిగిన మార్పిడి ఇక్కడ తలకిందులుగా జరుగుతుంది.

పొరుగు గ్రామాల నీటిలో కనిపించే తేడాకు కారణం ఇదే. వాన నీరు త్వరగా ఇంకి, త్వరగా కదిలిపోయే చోట ఈ క్రమం పూర్తికాదు. నీరు నిలిచి, చిక్కబడి, రాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి మెదలకుండా ఉన్నచోట పూర్తవుతుంది.

5.4 బోరుబావి

సమస్య బోరుబావులతో మొదలవలేదు. 1937 నాటి నివేదిక దిగుడుబావులు, చేదబావుల కాలానిదే. అయితే దాని విస్తృతి, తీవ్రత బోరుబావులతో మారాయి. పాత బావులు ప్రధానంగా మొరం పొరలోని నీటిని, అంటే ఏటా వానతో కొంత మారే నీటిని అందించేవి. ఆ పొర ఎండిపోయే కొద్దీ బోర్లు గట్టి గ్రానైట్ పగుళ్ళలోకి దిగాయి. అక్కడి నీరు రాతితో దీర్ఘకాలం సహవాసం చేసినది. బోరు నీటితో వరి పండించినప్పుడు మడిలో నిలిచిన నీరు కొంత ఆవిరై, మిగిలినది లవణాలతో చిక్కబడి మళ్ళీ కిందికి ఇంకుతుంది. అదే నీటిని బోరు మళ్ళీ తోడుతుంది. హైదరాబాదు సమీపంలోని మహేశ్వరం పరీవాహంలో భూభౌతిక పరిశోధన సంస్థలోని భారత-ఫ్రెంచ్ భూగర్భజల కేంద్రం చేసిన అధ్యయనాలు ఈ పునరావృత్తి ప్రాధాన్యాన్ని వెల్లడించాయి. ప్రకృతి దీర్ఘకాలంలో చేసే చిక్కబరచడాన్ని సేద్యం కొన్ని దశాబ్దాల్లో చేసింది.

5.5 ఎముక

భారతీయ ప్రమాణాల సంస్థ తాగునీటిలో ఫ్లోరైడ్‌కు లీటరుకు 1 మిల్లీగ్రామును అంగీకార పరిమితిగా, వేరే ఆధారం లేనప్పుడు 1.5 మిల్లీగ్రాములను గరిష్ఠ పరిమితిగా నిర్ణయించింది. వేసవిలో ఎండలో శ్రమించే కూలీ తాగే నీరు ఎక్కువ కనుక అదే గాఢత అతనికి ఎక్కువ మోతాదు అవుతుంది. ఎముక, పంటి ఖనిజం హైడ్రాక్సీ అపటైట్. అపటైట్ గ్రానైట్‌లోనూ ఉండే ఖనిజకుటుంబం. అభ్రకంలో హైడ్రాక్సిల్ స్థానాన్ని ఫ్లోరైడ్ ఆక్రమించినట్లే ఎముకలోనూ ఆక్రమిస్తుంది. పంటి పింగాణీ రూపొందే బాల్యంలో అధిక ఫ్లోరైడ్ శాశ్వతమైన మచ్చలను మిగులుస్తుంది. ఏళ్ళ తరబడి అధిక మోతాదు చేరితే ఎముకలు మందమై, కీళ్ళ బంధనాలు సున్నపుగట్టి, కదలిక నశిస్తుంది.

6. నివారణ మార్గాల పరిశీలన

నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన ‘నల్లగొండ పద్ధతి’ ప్రపంచవ్యాప్తంగా ఆ పేరుతోనే ప్రసిద్ధి పొందింది. నీటిలో పటిక, సున్నం కలిపితే ఏర్పడే అల్యూమినియం హైడ్రాక్సైడ్ రేకులు ఫ్లోరైడ్‌ను పట్టుకొని అడుగుకు చేరతాయి. ఖర్చు తక్కువైన ఈ పద్ధతికి రోజువారీ శ్రద్ధ, సరైన మోతాదు అవసరం. అడుగున మిగిలిన మడ్డిని నేలమీద పారబోస్తే ఫ్లోరైడ్ తిరిగి అదే చక్రంలో చేరుతుంది.

రెండవ మార్గం నదీజలం. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకం ద్వారా కృష్ణాజలం ఈ గ్రామాలకు చేరింది. కృష్ణానది మహాబలేశ్వరం వద్ద దక్కన్ బసాల్ట్ శిలల మీద పుడుతుంది. బసాల్ట్ నుండి వచ్చే నీటిలో కాల్షియం ఎక్కువ. పైగా నదీజలం రాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచినది కాదు. కనుక ఈ పరిష్కారం అంతస్సారంలో వేరొక శిలతో, తక్కువకాలం స్పర్శ కలిగిన నీటిని తెచ్చుకోవడమే. తాగునీటి వరకు ఇది నిజమైన ఉపశమనం. కానీ సేద్యానికి, పశువులకు బోరునీరే ఆధారమైన చోట నేల కింది రసాయనిక స్థితి యథాతథంగా ఉంటుంది. నదీజల సరఫరా ఏ కారణంగా ఆగినా గ్రామం తిరిగి ఆ నీటినే ఆశ్రయించవలసి వస్తుంది.

మూడవ మార్గం వాననీటిని నేలలోకి ఇంకించడం. ఇది భూగర్భజలాన్ని పలచబరుస్తుంది. అయితే నీరు త్వరగా ఇంకే కట్టడాలు మేలు చేస్తాయి. ఎండలో నెలల తరబడి పలచగా నిలిచే గుంటలు ఆవిరి ద్వారా నీటిని మరింత చిక్కబరచవచ్చు. ఇంకుడు కట్టడం ఎక్కడ నిర్మించాలన్న నిర్ణయం నీటి పరిమాణంతో పాటు దాని రసాయనిక గమనాన్నీ గణించి జరగాలి.

7. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. వాతావరణం, జలావరణం, శిలావరణం ఒకే ద్రవ్యరాశి నుండి విడివడినవి. గాలిలోని ఆర్గాన్, జిర్కాన్‌లోని ఆక్సిజన్, సున్నపురాతిలోని కర్బనం ఈ ఏకమూలానికి, నిరంతర వినిమయానికి సాక్ష్యాలు.

2. సిలికేట్ శిలాశైథిల్యం భూమి ఉష్ణోగ్రతను దీర్ఘకాలంలో నియంత్రిస్తుంది. అదే చర్య పాక్షిక శుష్క గ్రానైట్ ప్రాంతంలో భూగర్భజల ఫ్లోరైడ్‌కు దారితీస్తుంది.

3. నల్లగొండలో నిల్వ రాతిది, ఆమ్లం గాలిది, వాహకం నీరు; వాటిని తీవ్రస్థాయికి చేర్చినవి ఎండ, సున్నపు అవక్షేపం, అతిగా తోడుకోవడం. వీటిలో రాతిని, ఎండను మార్చలేము. నీటిని తోడే లోతును, సేద్యపు నీటి పునరావృత్తిని, ఇంకుడు విధానాన్ని మార్చవచ్చు.

4. భూగోళశాస్త్రం, భూవిజ్ఞానం, రసాయనశాస్త్రం, ప్రజారోగ్యం వేర్వేరు విభాగాలుగా బోధించే అంశాలు ఈ ఒక్క సమస్యలో కలుస్తాయి. కళాశాల స్థాయి బోధనలో దీనిని స్థానిక ఉదాహరణగా చేర్చడం, గ్రామస్థాయి నీటి నమూనాల్లో ఫ్లోరైడ్‌తో పాటు కాల్షియం, సోడియం, బైకార్బనేట్, ఆమ్ల-క్షార సూచికను కలిపి నమోదు చేయడం అవసరం. ఫ్లోరైడ్ అంకె ఒక్కటే నీరు తాగవచ్చా కూడదా అని చెప్తుంది. మిగిలిన అంకెలు కలిసినప్పుడే ఆ నీరు అలా ఎందుకైందో, రేపు ఎటు మారనుందో తెలుస్తుంది.